సున్నా వచ్చిన ఇల్లు

మెహరున్నీసాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: కూతురు మసరత్ కాళ్లు వంకరపోతాయేమోనని. జమ్మలమడుగులో ఆమె గడప ముందు కూర్చుని, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన జాహ్నవి సైన్సు సర్వే ఫారం నింపుతోంది.

“సైన్సు ప్రదర్శనకు ఎప్పుడన్నా పోయినావా?”

“లేదు మేడం.”

“మ్యూజియానికి?”

“లేదు. ఏడో తరగతిలోనే బడి మాన్పించినారు. అన్నీ లేదంటే రేషన్ కార్డు తీసేస్తారా?”

“కార్డుకూ దీనికీ సంబంధం లేదులేమ్మా. ఏ ఊర్లో జనాలకు సైన్సు ఎంత దగ్గరుందో కొలుస్తాండాం, అంతే. రేపు పులివెందుల. టీవీలో సైన్సు కార్యక్రమాలు?”

“చూడం. బాటిలు ఎత్తుకపోయినా మేడం, అది రాసుకోండి.”

“ఏం బాటిలు?”

“మా బోరు నీళ్లు. పరీక్ష చేసే ఆఫీసుకు మూడుసార్లు పోయినా. ఒకతూరి బాటిలు సరిగ్గా కడగలేదన్నారు, ఒకతూరి సారు లేడన్నారు. మూడోతూరి చూసి, ఫ్లోరైడ్ శానా ఉంది, తాగొద్దన్నారు. వీధిలో అందరికీ నేనే చెప్పినా.”

“దానికి గడి లేదమ్మా.”

“గడి లేదా?”

“లేదు. మొత్తం... పదికి సున్నా.”

“సున్నానా. మీ ఊర్లో ఎంతొస్తాంది?”

“మా ఇంటికైతే ఏడు. మా పాప ప్రదర్శనలో బహుమతి కూడా తెచ్చింది. కొంచెం నీళ్లిస్తావా?”

“ఉండండి, ఆ కుళాయివి వద్దు, అవీ బోరు నీళ్లే. క్యానులోవి ఇస్తా.”

“ఇంత భయమేంది నీకు?”

“మా ఫాయిజా వంకర కాళ్లు చూస్తే మీరూ భయపడతారు. నా చెల్లెలు, పులివెందుల పక్కన మా అమ్మోళ్ల ఊర్లో ఉంది. దానికీ మొదట పళ్ల మీదే వచ్చింది. ఇప్పుడు మసరత్‌కు కూడా...”

“పళ్ల మీద ఏం వచ్చింది?”

“సుద్ద మాదిరి తెల్ల మచ్చలు. తర్వాత అడ్డంగా పసుపు గీతలు. ఎంత తోమినా పోవు.”

“తోమినా పోవా?”

“పోవు. ఏం మేడం, రాయడం ఆపినారు?”

“ఏం లేదు. పేస్టు మారిస్తే...”

“ఎవురికి మార్చినారు?”

“ఊరికే అడిగినా. కొత్త ప్లాట్లలో ఇల్లు కట్టుకున్నాంలే. ఆడ అందరికీ బోర్లే. మేము కాచే తాగుతాం.”

“కాస్తే ఫ్లోరైడ్ పోదు మేడం.”

“పోదా?”

“ఆ ఆఫీసులోనే చెప్పినారు. పాపకు ఎన్నేండ్లు?”

“ఎనిమిది. అది సరే, మార్కులు లేనివి ఇంకో రెండు ప్రశ్నలున్నాయి...”

“ప్రశ్నలు యాడికీ పోవు. ఇదో, కడిగిన బాటిలు. మీ బోరు నీళ్లు పట్టి పరీక్షకు ఇయ్యండి. పులివెందుల సర్వే రేపు కాకుంటే ఎల్లుండి. ముందు ఇంటికి పోయి, ఆ బిడ్డను వెలుగులోకి పిలిచి, నోరు తెరిపించి చూడండి.”