అరవై అయిదు అని రాసిన చేయి

అధ్యక్షులు మెర్విన్ హోల్కోంబ్ గారికి, ముందు వరుసలోని నాణేల వ్యాపారులకు, నాతోపాటు ఒకే దీపం కింద కళ్లు పాడుచేసుకున్న సహోద్యోగులకు, భోజనాలు చల్లారిపోతున్నా ఓపిగ్గా కూర్చున్న వారి కుటుంబాలకు ఈ ఆన్సెల్ రోర్క్ నమస్కారాలు.

మెర్విన్ గారు నన్ను నాణేలు చూసి గ్రేడు వేసే ఈ విద్యకు పునాదిరాయి అన్నారు. ఆ పునాది కింద ఏం పూడ్చామో చెప్పకుండా వెళ్లిపోవడం నా వల్ల కాదు.

మేం మొదలుపెట్టక ముందు, వ్యాపారులు కొనేటప్పుడు 'అరిగిపోయింది' అన్న నాణేన్నే అమ్మేటప్పుడు 'అద్దంలా ఉంది' అనేవారు. డ్వేన్ గారూ, తల దించుకోకండి, మీ పేరు చెప్పలేదు. (నవ్వులు) అందుకే, అటూ ఇటూ చుట్టరికం లేని మూడో మనిషి చూసి, డెబ్బైకి ఇన్ని మార్కులని ఫొటోతో సహా కాగితం మీద రాసిస్తే మోసాలు ఆగుతాయని, పందొమ్మిది వందల ఎనభై మొదట్లో డెన్వర్‌లో ఒక మేడ మీద రెండు గదులు తీసుకున్నాం. అప్పుడు మేం నిజంగానే నమ్మాం. ఆ మాట మాత్రం అబద్ధం కాదు.

ఆ ఏడాది వెండి ధర మండిపోయింది. బల్ల మీద రోజుకు నాలుగు వందల నాణేలు. నా పక్క కుర్చీ లియోటా బ్రాండ్‌వోల్డ్‌ది. అదిగో, వెనక తలుపు దగ్గర కూర్చుంది. ఒక మధ్యాహ్నం ఇరవై వెండి డాలర్లు వచ్చాయి. లియోటా మొదటిదాన్ని దీపం కింద తిప్పి, "బొమ్మ చెంప మీద గీతలున్నాయి ఆన్సెల్, అరవై మూడు" అంది.

"పక్క గదిలో వ్యాపారి గంట నుంచి కూర్చున్నాడు. అరవై అయిదు రాసెయ్."

"నువ్వు చూశావా అసలు?"

"చూశాన్లే. తర్వాతది తియ్."

నేను చూడలేదు. ఇరవైకీ అరవై అయిదు రాసి సంతకం పెట్టాను. లియోటా ఊరుకోలేదు, పైవాళ్లకు చెప్పింది. నెల తిరక్కుండా ఆమెను పొట్లాలు కట్టే గదికి మార్చారు. నేను నోరు మెదపలేదు.

(విరామం)

ఆ ఇరవై నాణేలూ కొన్నది ప్యూబ్లో ఊరి ఉక్కు మిల్లు కార్మికుడు లూడ్విక్ ప్రెలెస్నిక్. నా కాగితం చూసి, చేతిలో ఉన్నదంతా పెట్టి కొన్నాడు. తర్వాత మిల్లులో ఉద్యోగం పోయింది. ఎనభై ఆరులో భార్య మరియా మంచం పట్టింది. అమ్మబోతే, పాత కాగితం చెల్లదు, మళ్లీ గ్రేడు వేయించుకు రమ్మన్నారు. అవి తిరిగి నా బల్ల మీదికే వచ్చాయి. ఎవరివో తెలియక, ఈసారి శ్రద్ధగా చూసి అరవై మూడు రాశాను. ఆ రెండు మార్కుల తేడాకు నాణేనికి పావు వంతు ధర కూడా పలకలేదు.

వారం తర్వాత ఆయన రెండు కాగితాలూ నా ముందు పరిచాడు.

"రెంటి మీదా మీ సంతకమే. నాణేలు పెట్టె దాటలేదు. మరి మారిందెవరండీ?"

"ప్రమాణాలు గట్టిపడ్డాయండీ" అన్నాను. మాకందరికీ నేర్పిన జవాబది.

"మిల్లులో మేం కొలతబద్దను ఇలా మారిస్తే వంతెనలు కూలి జనం చచ్చేవాళ్లు" అని కాగితాలు మడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ చలికాలంలోనే మరియా పోయింది. డబ్బుంటే బతికేదని నేననను. డాక్టర్లు కూడా అనలేదు. కానీ పెద్దాసుపత్రికి తీసుకెళ్లే దారి ఆయనకు లేకుండా చేసింది నేను.

వసంతంలో ప్యూబ్లో వెళ్లి, ఆయన వంటగదిలో కూర్చుని నిజం చెప్పాను. ప్రమాణాలు మారింది కొంతే, ఆ రోజు నేను అసలు చూడనేలేదని. ఆయన అరవలేదు. అక్రోట్ల రొట్టె కోసి నా ముందు పెట్టాడు.

"ఇదే మాట రాసిస్తారా?"

"ఆఫీసులో అడగాలండీ."

ఆయన లేచి, మేకుకు తగిలించిన నా కోటు తెచ్చి చేతికిచ్చాడు. అంతే. మూడేళ్ల క్రితం ఆయనా పోయారు. అంత్యక్రియలకు వెళ్లి చర్చి మెట్ల దగ్గరి నుంచే తిరిగి వచ్చాను.

ఈ సంగతి సభలో ఎత్తొద్దని నిన్న కొందరు మిత్రులు ప్రేమగానే చెప్పారు. వారి భయం నాకు తెలుసు. ఇప్పుడు నాణేల్ని ప్లాస్టిక్ పెట్టెల్లో మూసి అమ్ముతున్నాం, లోపలి అంకెను జనం నమ్ముతున్నారు. నమ్మకం చెదిరితే అందరి పొయ్యీ ఆరిపోతుంది. కానీ లియోటాను ఇక్కడికి పిలిచి, మళ్లీ ఆమె ముందు నోరు మూసుకోలేకపోయాను.

ఈ ఉదయం లూడ్విక్ గారి కూతురు తెరేజియాకు ఉత్తరం పోస్టు చేశాను. తేదీ, బల్ల, నేను చూడకుండా రాసిన సంగతి, అభ్యంతరం చెప్పిన మనిషి పేరు, అన్నీ నా చేత్తో రాశాను. ఎవర్నీ అడగలేదు. ఆమె దాన్ని చింపేయొచ్చు, లాయరుకు చూపించొచ్చు. ఏం చేసినా ఆమె ఇష్టం. బతికుండగా అడిగిన మనిషికి ఇవ్వలేకపోయాను.

విన్నందుకు కృతజ్ఞతలు. చప్పట్లు వద్దు. ఇక సెలవు.