రెండో గ్లాసు

పులిగడ్డ వంతెన దాటాక, ఇసుకదిబ్బ మీద ఒక పెద్దాయన తన కయాక్ పడవ పక్కన కూర్చుని ఉన్నాడు. విజయవాడ వైపు నుంచి దూసుకొచ్చిన అమ్మాయి ఆయన్ని చూసి తెడ్డు ఆపింది.

“మాస్టారూ! ఇక్కడున్నారేంటండీ?”

“ఆగకమ్మా, టైమ్ పోతుంది. విజయవాడ నుంచి సముద్రం దాకా నా రికార్డు బద్దలు కొట్టడానికి బయల్దేరి, నాతోనే కబుర్లేంటి?”

“ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది. ఆదివారమే బ్యారేజీ కింద బయల్దేరా. రేవు కనపడితే ఆగడం, టీ తాగడం, జనంతో మాట్లాడటం. ఎంత మెల్లగా వచ్చినా నీకంటే ముందే సముద్రం దగ్గర ఉంటాననుకున్నా. నువ్వేమో అప్పుడే వచ్చేశావ్.”

“నాకంటే ముందెందుకండీ?”

“నేను రికార్డు కొట్టిన రోజు హంసలదీవి ఒడ్డున ఒక్క మనిషి లేడమ్మా. కొట్టేశానని గట్టిగా అరిచా. పీతలు బెదిరి బొరియల్లో దూరాయి. ఫోన్ తీశాక, ఎవరికి చెయ్యాలో తోచలేదు. నీకు అలా అవకూడదనుకున్నా.”

అమ్మాయి తన కయాక్‌ను ఇసుకదిబ్బకి ఆనించింది.

“సరే, ఈ టీ ఫ్లాస్కూ, ఈ రెండు గ్లాసుల్లో ఒకటీ పట్టుకెళ్ళు. దిగాక వేడిగా తాగు.”

“ఆ గ్లాసులు రెండూ ఇవ్వండి.”

“రెండోది ఎందుకు? అక్కడ ఎవరూ ఉండరని చెప్తున్నాగా.”

“మీరొస్తారు కదండీ. అప్పటిదాకా కూర్చుంటా.”

“నేను చాలా మెల్లగా వస్తానమ్మా.”

“రండి. రికార్డు అయిపోయాక నాకు మాత్రం ఇంకేం పనుంది?”