వేరే ట్రాక్

మంత్రిగా పనిచేసిన ఆ పెద్దాయన జీవితాన్ని సినిమాగా తీస్తున్నారు. ముసలితనపు సీన్లకు ఆయన గొంతే కావాలని దర్శకుడు పట్టుబట్టడంతో, ఫిల్మ్ నగర్‌లోని డబ్బింగ్ థియేటర్‌కు వచ్చి కూర్చున్నారు. ఎన్నో సభల్లో మైకు ముందు తడబడని మనిషికి కొడుకుతో ఫోన్‌లో మాట్లాడే ఈ ఒక్క సీను కుదరడం లేదు. అద్దం అవతలి నుంచి సౌండ్ ఇంజనీరమ్మాయి మాట హెడ్‌ఫోన్లలో వినిపించింది.

“సార్, ‘ఎప్పుడొస్తావు నాన్నా’ అన్నంక మీ తర్వాతి మాట లేటయితున్నది. తెర మీద మీ పాత్ర పెదవులు ముందే కదులుతున్నయి.”

“వాడు జవాబు చెప్పాలిగా అమ్మా.”

“కొడుకు డైలాగ్ వేరే ట్రాక్‌ల ఉంది సార్. నిన్ననే ఆర్టిస్టు వచ్చి చెప్పి పోయిండు. మీకు వినపడదు.”

“నా కాగితాల్లో నా మాటలే ఇచ్చారు.”

“నిజంగ ఫోన్‌ల ఏమన్నరు సార్, మీ అబ్బాయి కెప్టెన్ గారు?”

ఆయన తెర వైపు చూశారు. ఫోను పట్టుకుని మంచులో నిలబడ్డ, కొడుకు వేషం వేసిన నటుడి మొహం వేరు. మెడ వంచిన తీరు మాత్రం అచ్చం వాడిదే.

“అప్పుడే లైను తెగిపోయింది. కొండల్లో సిగ్నల్ అంతే కదా. మర్నాడు ఇంకో ఫోన్ వచ్చింది, ఆర్మీ వాళ్ల దగ్గర్నుంచి.”

అద్దం అవతల ఆ అమ్మాయి సీనును మళ్లీ మొదటికి తెచ్చింది.

“ఆ ట్రాక్ మీ చెవుల్ల వేస్త సార్. జవాబు వింటే టైమింగ్ మంచిగొస్తది.”

“వద్దమ్మా, వినిపించకు. అది అయిపోగానే నువ్వు చెయ్యెత్తు, నేను అందుకుంటాను. జవాబు వినేస్తే, ఇక నాకు ఎదురుచూడ్డానికి ఏముంటుంది?”