దులపని ఇల్లు

కొత్త సంవత్సరం పండుగ నౌరోజ్‌కు ఇంకా ఆరు రోజులున్నాయి. హమదాన్ పట్టణంలో ఒక ఇంటి పెరటి గోడ మీద తివాచీ వేసి, దులపడానికి అత్తాకోడళ్ళు దాని ముందు నిలబడ్డారు.

"కర్ర తీసుకో అమ్మాయ్. 'ఈ ఏడు మీరు ఇల్లు దులపరులే' అంది పక్కింటి మహరోఖ్. పండుగ ముందు దులపనిది చావు జరిగిన ఇల్లే కదా."

"జాలికొద్దీ అంది అత్తయ్యా. కొండదారి మంచులో ఆయన లారీ కనపడకుండా పోయి పదకొండు రోజులైంది."

"నా కొడుకు బతికుండగానే నాకు నల్లబట్టలు కొలుస్తోంది. అందుకే కిటికీలు తుడిచాను, మడి తవ్వి ముల్లంగి గింజలు చల్లాను."

"ఈ చలికి గింజలు కుళ్ళిపోతాయి."

"కుళ్ళితే మళ్ళీ చల్లుతాను. తవ్విన మడి నలుగురికీ కనబడితే చాలు."

"పొద్దుటినుంచి మీరేమీ తినలేదు."

"నువ్వేదో కడుపునిండా తిన్నట్టు. ఆ ఫోన్ ఒంటి మీది చాదర్ కింద దాచావెందుకు?"

"దాచలేదు."

"నన్ను చూసి చెప్పు."

"లారీ దొరికిందట అత్తయ్యా. ఇందాక పోలీసులు ఫోన్ చేశారు."

"వాడు?"

"లేరు. తలుపు తెరిచి ఉందట."

"తెరిచి ఉంటే దిగాడన్నమాటే. దిగినవాడు ఏదో ఊరు చేరే ఉంటాడు."

"లోయ వైపు తలుపు అత్తయ్యా."

అత్త కర్ర తీసి కోడలి చేతిలో పెట్టింది.

"మహరోఖ్‌తో అన్నావా?"

"లేదు."

"అనకు. గట్టిగా కొట్టు, వీధంతా వినబడాలి. ఏడుపొస్తే దుమ్ము లేచాక ఏడువు. కళ్ళలో పడిందనుకుంటారు."