కరెంటు పెట్టిన చెల్క

నీళ్లెందుకు ఎస్సై సారు నాకు? ముందు మా చెల్కల తెగిన వైర్లు కలుపుమని ఎవరికన్న ఫోన్ చెయ్యుండ్రి. మీరేమో పేరేంది, మొగడెవరు అని అడుగుతనే ఉన్నరు.

ఎల్లక్క. మాది రఘునాథపల్లి శివారు. నా మొగడు పోశాలు సచ్చిపోయిండు.

ఎట్లనా? మా చెల్క పక్కనే సారయ్యది పాత ఇనుప సామాన్ల దుకాణం. మా ఆయన ఆడ కూలికి పోయేటోడు. ఏదో పాత మిషిన్ల ఉన్న సీసం డబ్బను సమ్మెటతోని పగులగొట్టుమన్నడట సారయ్య. లోపటి పొడి చేతులకు అంటింది. ఇగ అరచేతుల తోలు ఉడుకవెట్టిన ఆలుగడ్డ పొట్టు లెక్క ఊడొచ్చింది. నోట్లెకెళ్లి నెత్తురు. అది రేడియేషన్ అని దవాఖానల చెప్పిండ్రు. అప్పటికే మిగిలిన పొడిని సారయ్య మా చెల్కల పారవోసిండు.

సర్కారోళ్లు కంచె వేసిండ్రు. హైదరాబాద్ నుంచి హరిత మేడం వచ్చింది. మట్టి తడిపి, కడ్డీలు పాతి, కరెంటు పెట్టింది. ఆ విషం తడిల మెల్లమెల్లగ జరుక్కుంట ఒక్క కడ్డీ కాడికి చేరుతదట. గక్కడి మట్టి తీసుకపోతే చాలు, మిగిలిన చెల్క బతుకుతదట. మళ్ల పత్తి పెట్టుకోవచ్చన్నది. నేను రోజూ కంచె బయట కూసుండి చూసేదాన్ని.

ఇయ్యాల పొద్దుగాల సారయ్య జేసీబీ తెచ్చిండు. మా ఆయన సావు కేసుల బెయిల్ మీద ఉన్నడు గదా, ఆ మట్టిని వాగుల కలిపేస్తే కేసు నిలవదనుకున్నడు. వస్తనే వైర్లు తెంపిండు. మేడం అడ్డం పోయింది. జుట్టు వట్టి ఈడ్చి, ఆమె నెత్తిని జేసీబీ తొండానికేసి కొట్టిండు సారు. పిల్ల మళ్ల లేవలె. పానం ఉన్నదంటున్నరు, అంతే.

నేను కంచె దాటిన. చేతికి పార దొరికింది. సారయ్య మోకాలు మీద కొట్టిన. ఎముక ఇరిగిన సప్పుడైంది. వాడు బోర్ల పడ్డడు.

ఆడికి ఆగితే మేడంను కాపాడిన అని రాసుకుందురు మీరు. బయట మా వాళ్లు గట్లనే చెప్పుమంటున్నరు నాకు.

కని వాడు నా కాళ్లు వట్టుకున్నడు. "ఎల్లక్కా, సంపకే" అన్నడు. మెల్లగ అన్నడు గని, నాకు మంచిగనే ఇనవడ్డది.

ఇన్న. ఇన్నంక నెత్తి మీద కొట్టిన. మాట ఆగేదాంక కొట్టిన.

గట్లనే రాయుండ్రి.