ఆరు ఫోర్కుల గిన్నె

ఆదివారం పూజ అయిపోయి చర్చి గంట ఆగకముందే ఓడెట్ కఫేలో మూలబల్ల నిండిపోతుంది. గోడకి ఆనుకున్న కుర్చీ గస్పార్‌ది. కోతలు కోసేవాడికి వెనక ఆసరా ఉండాలని ఎలోయి ఎప్పుడో తీర్మానించాడు, అప్పట్నుంచీ అందులో ఇంకెవరూ కూర్చోరు.

గస్పార్ ముప్పై ఏళ్ళు కొండదారిలో, టపాతోపాటు జనాన్నీ ఎక్కించుకునే పసుపురంగు పోస్టు బస్సు నడిపాడు. మలుపుకో కథ చెప్పేవాడు. నడిచే బస్సులోంచి ఎవరూ దూకలేరు కాబట్టి అందరూ విన్నారు. రిటైరయ్యాక వినేవాళ్ళు ఈ బల్ల దగ్గరే మిగిలారు. కఫే యజమానురాలు ఓడెట్, ఆవులున్న ఎలోయి, చీజ్ చేసే ఫిర్మేన్. పెళ్ళీ పెటాకులూ లేని గస్పార్‌కి వారం మొత్తానికి మాటాడే పూట ఇదొక్కటే.

"ఏమయ్యా గస్పారూ, కళ్ళు అలా ఎర్రగా ఉన్నాయేం? రాత్రి నిద్రపోలేదా?" అంది ఓడెట్, తెల్ల వైను గ్లాసు ఆయన ముందు పెడుతూ.

దానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మీకోసం చూశాను, మీరు రాలేదు. కానీ గస్పార్ గ్లాసు ముందుకి లాక్కున్నాడు.

పోయిన ఆదివారం ఇదే కుర్చీలోంచి ఆయన వాళ్ళని పిలిచాడు. "వచ్చే శనివారం మా ఇంట్లో ఫాండ్యూ. అందరం ఒకే గిన్నెలో కరిగిన చీజ్‌లో రొట్టె ముంచుకుని తిందాం, మన కుర్రతనం నాటి పద్ధతిలో. ఆనాటి బట్టలు వేసుకుని రండి, ఆనాటి రికార్డులు పెడతాను" అన్నాడు. అయితే దానికి ముందే, మంచుతిన్నె తగిలి తన బస్సు గాల్లోకి లేచి పక్క లోయలో సరిగ్గా టైముకి దిగిన కథ చెప్పి ఉన్నాడు. అదే ఊపులో ఈ పిలుపూ పిలిచాడు. "అలాగే, నేను ఏనుగెక్కి వస్తా" అన్నాడు ఎలోయి. అందరూ పగలబడి నవ్వారు. మర్యాదకి గస్పార్ కూడా నవ్వాడు, దాంతో పిలుపు కాస్తా కోతల్లో కలిసిపోయింది. మాటలు కోటలు దాటించేవాడి గడప నిన్న ఒక్క కాలూ దాటలేదు. ఆ సంగతి వాళ్ళకి తెలియకూడదు. తెలిస్తే జాలిపడతారు, జాలిపడ్డాక ఇక ఎవరూ ఎదురు మాటాడరు, ఎదురు మాటాడేవాళ్ళు లేకపోతే కోత కోసీ ఏం లాభం?

"నిద్రా?" అన్నాడు గస్పార్, గ్లాసెత్తి. "ఇంటినిండా జనం ఉంటే నిద్రెక్కడిది ఓడెట్టమ్మా! నిన్న మా ఇంట్లో ఫాండ్యూ కదా."

"మొదలైంది" అన్నాడు ఎలోయి, కుర్చీ ముందుకి లాక్కుంటూ.

"ఏం లేదర్రా, చిన్న పార్టీయే. కుర్రాడిగా ఉన్నప్పుడు చర్చి హాల్లో లోటో అంకెలాట ఆడి గెల్చుకున్న గిన్నె ఉంది చూడండి, నారింజరంగుది, తెల్లపూలది, ఆరు ఫోర్కులతో వచ్చింది, పిడికో రంగు చుక్క. అది అటక మీంచి దించాను. ఇన్నేళ్ళూ దాన్ని పొయ్యెక్కించిందే లేదు. అప్పటి వెడల్పు గొట్టాల ప్యాంటు కూడా దొరికింది, తొడుక్కున్నాను. బొత్తాం పట్టలేదులే, మంచులో బస్సు చక్రాలకి కట్టే గొలుసుతో బిగించాను. గిన్నెకి వెల్లుల్లి రుద్దాను, వైను పోశాను, మన ఫిర్మేన్ తురిమిచ్చిన రెండురకాల చీజూ చెరిసగం వేశాను, కలిపాను. ఇంతవరకూ ఎవరింట్లోనైనా జరిగేదేగా?"

"ఇంతవరకూ నమ్మాం" అన్నాడు ఎలోయి. "ఇక నెమ్మదిగా పోనీ, ముందు మలుపుంది."

ఫిర్మేన్ మాత్రం ఆలోచనలో పడ్డాడు. శుక్రవారం గస్పార్ తన కొట్టుకి వచ్చిన మాట నిజమే. అంత చీజ్ ఎవరికోసమో అప్పుడు పట్టించుకోలేదు.

"చీజ్ కరిగింది. చెర్రీ సారా ఒక చుక్క పడిందో లేదో, వాసన పొగగొట్టంలోంచి బయటికి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కింద రోడ్డు మీద ఆఖరి బస్సు ఆగిపోయింది! డ్రైవరు బ్రేకు వెయ్యలేదు, ఇంజనే మొరాయించింది, ముక్కున్న ఏ ఇంజనైనా ఏం చేస్తుంది? జనమంతా దిగి నా గుమ్మంలో వరసకట్టారు. వాళ్ళ వెనక స్కీయింగుకి వచ్చినవాళ్ళు, వాళ్ళ వెనక పక్కూరి బ్యాండు మేళం, బూరాలతో సహా. రండి నాయనా రండి అన్నాను. ఇంటికొచ్చినవాణ్ణి పొమ్మంటామా?"

నిజానికి ఆఖరి బస్సు ఆగలేదు. దాని దీపాలు మలుపు తిరిగి కిటికీ మీద పడ్డప్పుడు గస్పార్ లేచి తలుపు తీశాడు. తనకి తెలిసిన బస్సే, తెలిసిన హారన్ మోతే, మూడు స్వరాలు మోగించుకుంటూ వెళ్ళిపోయింది. తలుపు తీసినందుకు గిన్నె కింది మంట రెపరెపలాడింది.

"ఆరు ఫోర్కులతో ఎంతమంది తిన్నారేం?" అంది ఓడెట్.

"భలే అడిగావు! ఆ గిన్నె ఏ మూలకి? అందుకని మన ఫిర్మేన్ రాగి కాగు పట్టుకొచ్చాను, పాలు కాచేది."

"నా కాగా?" ఫిర్మేన్ ఉలిక్కిపడ్డాడు. "బాబాయ్, అది నా కొట్లోనే ఉంది. పొద్దున్న నేనే కడిగాను."

"మరి? నువ్వు కడిగే వేళకి తెచ్చి పెట్టేశాను. ఇంత శుభ్రంగా ఉందేమిటా అని నీకు అనుమానం రాలేదూ? కాగు చర్చి ముందు దింపాం. కలపడం ఎలా? గరిట తిప్పితే గుండ్రంగా తిప్పకూడదు, ఎనిమిది అంకె వేసినట్టు తిప్పాలి, లేకపోతే చీజ్ ఉండకడుతుంది, పాలు తాగే పిల్లకైనా తెలుసు. సరే, ఆగిపోయిన బస్సుంది కదా! పైన్ చెట్టు మొద్దొకటి గరిటగా పెట్టి, దానికి తాడు కట్టి, తాడు బస్సుకి కట్టి, నేనెక్కి కూర్చుని చర్చి చుట్టూ, బడి చుట్టూ ఎనిమిది అంకె వేశాను. రివర్సులో కూడా వేశాను. ముప్పై ఏళ్ళ అనుభవం ఊరికే పోతుందా?"

"మంచు మీద నీ బస్సు జాడ ఒక్కటీ లేదే?" అన్నాడు ఎలోయి.

"చీజ్ పొంగి కప్పేసింది! పూజకి వస్తుంటే నీ జోళ్ళు అంటుకోలేదూ?"

ఎలోయి వంగి తన జోళ్ళు చూసుకున్నాడు. ఓడెట్ ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి గస్పార్‌కి ఒంట్లోకి వేడి ఎక్కింది. ఈ నవ్వు కోసమే కదా నిన్న రికార్డులు తుడిచి పెట్టాడు.

"ఇక రొట్టె జారవిడిచినవాళ్ళ గొడవ వినండి. గిన్నెలో రొట్టెముక్క పడేసుకున్నవాడు అందరికీ తన ఖర్చుతో వైను సీసా పెట్టాలి, ఆడమనిషైతే పక్కవాణ్ణి ముద్దుపెట్టుకోవాలి, రివాజు రివాజే. నిన్న రాజధానినుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయన ముక్క జారలేదుగానీ, అంతకంటే ఘోరం జరిగింది. ముక్క ముంచి పైకి లాగాడు, చీజ్ తీగ తెగలేదు. లేచి నిలబడ్డాడు, తెగలేదు. రైలుకి టైమైందని ఫోర్కు పట్టుకునే స్టేషనుకి పోయాడు, రైలెక్కాడు, రాజధానిలో దిగాడు, నాలుగో అంతస్తులో వాళ్ళావిడ తలుపు తీసింది, అప్పటికీ తెగలేదు! పొద్దున్న చూస్తే తీగంతా గడ్డకట్టి, దారి పొడుగునా ఇల్లాళ్ళు దానిమీద బట్టలారేసుకున్నారు. కాకులు వాలితే నా చేతిలో గిన్నె ఊగుతోంది."

"కాకులు దాన్ని తినకుండా వదిలేశాయా?"

"ఆదివారం కదా, పూజయ్యేదాకా ఉపవాసం."

ఈసారి పక్కబల్లవాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఇక గస్పార్‌ని పట్టడం ఎవరి తరం? చేతులు గాల్లోకి లేచాయి. నిన్న రొట్టెముక్క జారింది ఆయన చేతిలోంచే. సీసా పెట్టాల్సిందీ ఆయనే, పెట్టమని అడిగేవాళ్ళే లేరు. అయినా రివాజు తప్పకూడదని లేచి తన సీసా తనే తెచ్చి, తన గ్లాసులో తనే పోసుకున్నాడు. అలా పోసుకున్నప్పుడు ఆ ఇంట్లో ఎంత చప్పుడు లేకుండా ఉందో, ఇక్కడ ఇంత గోలలో కూడా ఆయనకి వినిపించింది. అందుకే గొంతు ఇంకాస్త పెంచాడు.

"వీటన్నిటికీ తలదన్నేది ఇంకోటుంది! జ్యూరిక్‌నుంచి ఒకతను. వద్దురా నాయనా అని అందరం మొత్తుకుంటున్నా వినకుండా ఫాండ్యూ మీద గ్లాసుడు చన్నీళ్ళు తాగేశాడు!"

"అయ్యో!" అన్నారు ఇద్దరు ముగ్గురు ఒకేసారి. ఎంత కోత అని తెలిసినా, ఫాండ్యూ మీద చన్నీళ్ళు కడుపుకి చేటని నమ్మే ఆ ఊళ్ళో ఆ మాటకి పొట్ట పట్టుకోనివాడుండడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కడుపులో చీజంతా బిగుసుకుంది. మనిషి చూస్తూండగానే చీజ్ చక్రంలా గుండ్రంగా, చదునుగా, పసుపురంగులోకి తిరిగాడు. ఇంకేం చేస్తాం? ఉప్పునీళ్ళతో తుడిచి, పక్కన ఫిర్మేన్ ముద్ర కొట్టి, స్టేషనుదాకా దొర్లించుకుపోయాం. స్టేషను గుమాస్తా మనిషికిచ్చే టికెట్ ఇవ్వనన్నాడు, సరుకు కింద రాశాడు. ఏడాది మాగితే మంచి ధర పలుకుతాడు!"

ఎలోయి బల్లమీద అరచేత్తో చరిచాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. "నిన్ను మించినవాడు లేడు గస్పారూ. అన్నీ ఒప్పుకున్నాను. బస్సు ఒప్పుకున్నాను, కాకులు ఒప్పుకున్నాను. ఒక్కటే చెప్పు. మాడుచెక్క ఎవరికి దక్కింది?"

ఆ కొండల్లో ఎవరింట్లో ఫాండ్యూ అయినా మర్నాడు అడిగే మొదటి ప్రశ్న అదే. గిన్నె అడుగున చీజ్ కరకరలాడుతూ అంటుకుని ఉంటుంది. దాన్ని ఇంటాయన ఒలిచి, కూర్చున్న అందరికీ తలా ముక్క పంచుతాడు. ఒక్కడే తినేస్తే పిసినారి అంటారు.

గస్పార్ దగ్గర ప్రతిదానికీ జవాబుంది. దీనికీ ఉండాల్సిందే. మాడుచెక్క చర్చి తలుపంత వచ్చిందని చెప్పొచ్చు, గొడ్డళ్ళతో కొట్టామని చెప్పొచ్చు. నోరు తెరిచాడు కూడా. కానీ రాత్రి చాకుతో ఒలుస్తుంటే అది విరక్కుండా, బంగారు రంగులో, ఒక్క చెక్కగా పైకి లేచిన తీరు కళ్ళముందు ఆడింది. అంత బాగా కుదిరిన చెక్కని చూపించడానికి ఎవరూ లేకపోయారే అని అప్పుడు ఎంత బాధపడ్డాడో.

"ఆరు ముక్కలు చేశాను" అన్నాడు. "ఎవరి పళ్ళెంలో వాళ్ళకి పెట్టాను."

"బస్సెడు జనం, బ్యాండు మేళం, ఆరు ముక్కలేనా?" ఎలోయి ఇంకా నవ్వుతున్నాడు. "సరే, ఎలా కుదిరిందన్నారు?"

"ఏమో మరి. ఇంకా పళ్ళేల్లోనే ఉంది."

అన్నాక తెలిసింది తను ఏమన్నాడో. గ్లాసందుకున్నాడు, అది ఖాళీగా ఉంది. పక్కబల్లవాళ్ళు ఇంకా ఏదో వస్తుందని చూస్తున్నారు. ఎలోయి నవ్వు ముఖంమీదే ఉండిపోయింది, ఎక్కడ దించాలో తెలియనట్టు.

ముందుగా ఫిర్మేన్ తలెత్తాడు. "బాబాయ్, శుక్రవారం నువ్వు ఆరుగురికని చెప్పి చీజ్ కొన్నావు. నేనే తూచాను. వచ్చేదెవరని కూడా అడగలేదు నేను."

"నేనూ మా ఆవిడా, ఫిర్మేనూ వాళ్ళావిడా, ఓడెట్టూ, నువ్వూ" అని వేళ్ళు మడిచాడు ఎలోయి. నెమ్మదిగా అడిగాడు. "ఒరే గస్పార్. ఆవేళ నువ్వు మమ్మల్ని నిజంగానే పిలిచావా?"

"పిలిచాను."

ఆ కుర్చీలోంచి అంత చిన్న మాట ఎప్పుడూ రాలేదు.

ఓడెట్ చేతిలో సీసా బల్లమీద పెట్టేసింది. ఆమె జాలిపడలేదు. అదీ ఒకందుకు మంచిదే. ఆమెకి కోపం వచ్చింది, ఎవరిమీదో తెలియని కోపం. "నా పళ్ళెం ఎక్కడ పెట్టావు?" అంది.

"పొయ్యి పక్కన. నీకు కాళ్ళు చల్లబడతాయి కదా, ఓడెట్టమ్మా."

"నాది?" అన్నాడు ఎలోయి.

"తలుపు వైపు. ఏ ఆవో ఈనుతోందని నువ్వు మధ్యలో లేస్తావు."

ఓడెట్ కొక్కేనికున్న శాలువా తీసి భుజాలమీద వేసుకుంది. "పద, ఎండిపోయినా సరే, ఇప్పుడే తింటాం. ఫిర్మేన్, నువ్వూ లే."

"ఇప్పుడొద్దులే" అన్నాడు గస్పార్. "అది నిన్నటిది."

ఆమె శాలువాతో అలాగే నిలబడిపోయింది. ఎలోయి గొంతు సవరించుకున్నాడు. "అయితే వచ్చే శనివారం పెట్టు. అందరం వస్తాం."

"వస్తాం బాబాయ్" అన్నాడు ఫిర్మేన్.

"నేను కఫే మూసేసి మరీ వస్తాను" అంది ఓడెట్. "ఏడింటికల్లా మీ గుమ్మంలో ఉంటాను, చూడు."

ముగ్గురూ గట్టిగానే అన్నారు. గస్పార్ గోడకి ఆనుకుని ఒక్కొక్కరి ముఖమే చూశాడు. ఇన్నేళ్ళూ తను మాట్లాడుతుంటే వాళ్ళు తన ముఖం ఎలా చూసేవారో, అలాగే. ఇందులో నిజమెంత, కోత ఎంత అని.