నల్లబల్ల మీద రెండో తారీఖు

మాచర్ల రోడ్డు పక్క ఊరు. క్వారీ యజమాని తన తండ్రి పేరు మీద కట్టించిన పఠనాలయం. దాని గోడకి నల్లబల్ల. రోజూ పొద్దున్నే దాని మీద 'చరిత్రలో ఈ రోజు' రాసేది రామబ్రహ్మం. ఒకప్పుడు ఆయన ఆ క్వారీలోనే గుమాస్తా, ఇప్పుడు జీతానికి ఈ పఠనాలయం చూసుకుంటున్నాడు. ఇవాళ అక్టోబరు రెండు.

"అదేంది గుమాస్తా గారూ, చోటు లేదంటారు? ఇదుగో కింద, జానెడు ఖాళీ ఉంది."

"అది కావాలని వదిలిన చోటు సువార్తమ్మా. ఇరికించి రాస్తే బస్సులో పోయేవాళ్ళకి కనపడదు. ఇంకోటి, నన్ను గుమాస్తా అనబాక. క్వారీ వదిలేసి ఏడేళ్ళు కావొస్తోంది."

"నోటికి అదే వచ్చిద్ది, ఏం చెయ్యను. ముందు పైన ఏం రాశారో చదవండి. నాకు అక్షరం ముక్క రాదు గదా."

"పద్ధెనిమిది వందల అరవై తొమ్మిది, గాంధీగారు పుట్టారు. పంతొమ్మిది వందల నాలుగు, లాల్ బహదూర్ శాస్త్రిగారు పుట్టారు. యాభై తొమ్మిదిలో రాజస్థాన్‌లో పంచాయతీరాజ్ మొదలైంది. డెబ్బై అయిదులో కామరాజ్‌గారు పోయారు."

"పోయినోళ్ళవి గూడా రాస్తారా?"

"పెద్దవాళ్ళవి."

"ఎంత పెద్దోళ్ళయితే రాస్తారు?"

"పొద్దున్నే నాతో వాదన పెట్టుకోబాక. ఇది దేశం సంగతి, ప్రపంచం సంగతి. ఊళ్ళో చావులు రాయడం మొదలుపెడితే ఈ బల్ల చాలదు."

"ఊళ్ళో చావులన్నీ ఎవరు రాయమన్నారు? ఒక్క లైను. ఏడేళ్ళ కింద ఇదే రోజు నాపరాళ్ళ క్వారీలో చరియ పడి ఇశ్రాయేలు, బ్రహ్మాజీ పోయారు. అంతే. నా మొగుడి పేరు ఒకటి, బ్రహ్మాజీ పేరు ఒకటి. సాయంత్రానికి తుడిచేసుకోండి. రేపు ఎట్టాగూ కొత్తవి రాస్తారు గదా."

"సాయంత్రానికి తుడిచేసేదానికి ఎందుకమ్మా అంత పట్టు?"

"మా పిల్ల సలోమి వస్తంది. ఫోన్లో ఫోటో తీసిద్ది."

"ఫోటో ఎందుకు?"

"పాస్టరు గారికి చూపియ్యాలి. మొన్న వానకి సమాధి మీద రాయి పగిలింది. కొత్తది చెక్కిస్తన్నాం. చెక్కేటాయన మధ్యాహ్నానికి వస్తాడు. పాత రాయి మీద మూడో తారీఖు ఉంది. ఈసారన్నా రెండు వేయించాలని నేను. సర్టిఫికెట్లో మూడు ఉంటే నా ఇష్టానికి ఎట్టా మారుస్తానమ్మా అని పాస్టరు గారు. రామబ్రహ్మం గారి బల్ల మీద ఉంటే ఒప్పుకుంటారా అనడిగా. ఒప్పుకుంటా అన్నాడు."

"అట్టా అన్నాడా?"

"ఆయన రాశాడంటే ఇంక తిరుగు లేదన్నాడు. బడి పంతుళ్ళు గూడా మీ బల్ల చూసి రాసుకుంటారంట గదా."

"అది నిజమేలే. ఏడేళ్ళలో ఒక్క తారీఖు తప్పు రాయలా నేను. ఒకసారి ఒకదాని మీద అనుమానం వస్తే నరసరావుపేట పోయి పుస్తకం చూసొచ్చా. ఆ రోజు భోజనం గూడా లేదు."

"దీనికి పుస్తకం గూడా చూడక్కర్లా. ఆ రోజు మీరు అక్కడే ఉన్నారు."

"చాక్‌పీసు అయిపోయింది సువార్తమ్మా."

"చేతిలో ఉందిగా."

"ఇది పగిలిన ముక్క."

"నాకు ముక్కతో రాసినా చాలు. చంద్రుడి మీద మనిషి దిగిన రోజు రాశారంట, మా సలోమి చెప్పింది. ఆ దిగినోళ్ళని మీరు చూశారా?"

"నేనెక్కడ చూస్తాను?"

"చూడనోళ్ళవి రాస్తారు. కళ్ళారా చూసినోళ్ళది రాయరు."

"పైన గోడ మీద ఎవరి పేరుంది?"

"ఓనరు గారి నాన్నది. చదవలేకపోయినా ఆమాత్రం తెలుసు."

"మరి? ఆయన గోడకి తగిలించిన బల్ల మీద ఆయన క్వారీ సంగతి రాయమంటన్నావు. నాకు అరవై మూడొచ్చాయి. ఇక్కణ్ణించి పొమ్మంటే ఎవరిస్తారు పని? ఇంట్లో మనిషికి రోజూ మందులు."

"క్వారీ పేరు రాయబాకండి. రాయి పడింది అనండి. రాళ్ళు ఎక్కడైనా పడతయ్."

"రేపు రాస్తా."

"రేపా?"

"రేపు మూడో తారీఖు గదా. రెండు జర్మనీలు కలిసిన రోజు. దాని కింద నీ లైను రాస్తా, సర్టిఫికెట్లో ఉన్న ప్రకారం. అప్పుడు ఓనరు గూడా ఏమీ అనలేడు. నీ కోరికా తీరిద్ది."

"నా కోరిక మూడు కాదు. మూడు అబద్ధం. అబద్ధమని మీకూ తెలుసు."

"మెల్లగా మాట్లాడు. ఎవరో వస్తన్నారు."

"ఎవరో కాదు, మన మెకానిక్కు ఫిరోజ్."

"ఏం అత్తా, పొద్దున్నే ఇక్కడున్నావు? పంతులు గారూ, పేపరొచ్చిందా?"

"ఇవ్వాళ సెలవు ఫిరోజ్, గది తెరవను. బల్ల రాసి వెళ్ళిపోతన్నా."

"ఫిరోజూ, ఆగయ్యా. నువ్వు ఆ క్వారీ కంప్రెసరు బాగు చేసేవాడివి గదా. ఏడేళ్ళ కింద, మా ఆయన పోయినప్పుడు, ఇంజను బిగిసిందని నిన్నే గదా పిలిచింది?"

"నన్నే అత్తా. నాలుగో తారీఖు పోయా. ఆయిలంతా మాడిపోయింది. లోడు లేకుండా తెల్లవార్లూ తిప్పితే ఇంజను ఏం బతికిద్ది? ఎవరు తిప్పారయ్యా అంటే ఒక్కడూ నోరు తెరవలా."

"ఫిరోజ్, నీకు షాపు కాడ బళ్ళు లేవా?"

"ఉన్నయ్, పోతన్నా. ఏంది పంతులు గారూ, పొద్దున్నే అంత చిరాకు?"

"టీ తాగలా ఇంకా. పో."

"పోతన్నాలే. వస్తా అత్తా."

"విన్నారా గుమాస్తా గారూ?"

"ఏం వినాలి? పాత ఇంజను, బిగిసింది. నీకు కావాల్సింది తారీఖా, ఇంజనా?"

"తారీఖే. మీ నోటితోనే చెప్పండి. గాంధీగారి పుట్టినరోజు సర్కారు సెలవా, కాదా?"

"సెలవే."

"బ్రాందీ షాపులు గూడా మూసే రోజున క్వారీ ఎందుకు తెరిచారు?"

"లారీలు వచ్చి నిలబడ్డయ్. లోడు కావాలన్నాడు ఓనరు."

"రెట్టింపు కూలీ అంటే పోయాడు మా ఆయన. పదకొండింటికి పైన చరియ విరిగి ఇద్దరి మీదా పడింది. సెలవు నాడు పని చేయించాడని తెలిస్తే లీజు పోయిద్ది, మీకూ పైసా రాదు, మూడో తారీఖు పొద్దున పడిందని చెప్పండి అన్నారు. మా చేత వేలిముద్రలు వేయించారు. ఆ కాయితం చదివి వినిపించింది ఎవరు?"

"నేనే."

"హాజరు మస్టరులో రెండో తారీఖు సెలవు అని రాసింది ఎవరు?"

"అదీ నేనే. అన్నీ నేనే. ఇప్పుడేంటి, కేసు పెడతావా?"

"కేసుకి రాలా. చెప్పాగా, తారీఖు కోసం వచ్చా."

"పోయినవాళ్ళకి రెండైతే ఏంటి, మూడైతే ఏంటమ్మా?"

"బ్రహ్మాజీ వాళ్ళకేం ఇబ్బంది లేదు. వాళ్ళకి తిథి ఉంది. అయ్యవారు పంచాంగం చూసి ఆ రోజు ఏ తిథో చెప్పాడు. ఏ ఓనరు మారుస్తాడు దాన్ని? ప్రతి ఏడూ సరైన రోజునే పెట్టుకుంటన్నారు. మాకు తిథులు లేవు. తారీఖే. సర్టిఫికెట్లో మూడు ఉందని మూడునే జ్ఞాపకార్థ కూడిక. ఆయన పోయిన రోజేమో ఏటా నేను మిరప చేలో కూలికి పోతన్నా. పక్క సాళ్ళో ఆడోళ్ళతో నవ్వుతన్నా గూడా. మర్నాడు తెల్లచీర కట్టుకుని ఏడుస్తన్నా. సిగ్గుగా ఉంటది గుమాస్తా గారూ. చానా సిగ్గుగా ఉంటది."

"నువ్వు చేసిన తప్పేం లేదు."

"వేలిముద్ర వేశా గదా. పోయాడన్నారు, వేశా. ఒక్కసారి చూస్తానంటే చూడనియ్యలా. చూడలేవమ్మా, మొహం చితికిపోయింది అన్నారు. ఆ మాట గూడా మీరే చెప్పారు."

"కంగారులో ఏదో అనుంటా."

"మర్నాడు నరసరావుపేట ఆసుపత్రిలో గుడ్డ తీస్తే మొహాన చిన్న గీత గూడా లేదు. నిద్రపోయినట్టుంది."

"ఎండెక్కుతోంది సువార్తమ్మా. ఇంటికి పో."

"ఆ రాత్రి నేనూ సలోమీ గేటు కాడే కూసున్నాం. దానికి అప్పుడు పన్నెండేళ్ళు. చెవులు మూసుకుని నా ఒళ్ళో పడుకుంది, ఆ కంప్రెసరు మోతకి. ఒక్క నిమిషం ఆపలా మీరు."

"రాయికి డ్రిల్లు వెయ్యాలి గదా. పగలగొడితేనే గదా కింద వాళ్ళు బయటికొచ్చేది."

"పద్ధెనిమిదేళ్ళు అక్కడ రాళ్ళు మోశా. డ్రిల్లు వేస్తంటే కంప్రెసరు గొంతు ఒక రకం. ఊరికే తిరిగితే ఒక రకం. ఆ రాత్రి ఊరికే తిరిగింది. ఇందాక ఫిరోజూ అదే చెప్పాడు. పోయినోళ్ళ కాడ అంత మోత ఎందుకా అనుకున్నా."

"నాకు గుర్తులేదు."

"గాంధీగారు పుట్టిన ఏడాది గుర్తుంది. ఇది గుర్తులేదా?"

"పక్కకి జరుగు."

"ఎందుకు?"

"బల్ల మీద నీ నీడ పడుతోంది."

"రాస్తన్నారా? నిజంగా? చల్లగా ఉండాలి గుమాస్తా గారూ. మీ ఇంటామె నిమ్మళంగా ఉండాలి. మీకోసం రోజూ ప్రార్థన చేస్తా."

"నాకోసం ప్రార్థన చెయ్యబాక. కాసేపు మాట్లాడకు."

"సరే, సరే."

"రెండు వేల పదిహేడు. నాపరాళ్ళ క్వారీలో... క్వారీ అనే రాస్తన్నా, పోతే పోయింది పని... చరియ విరిగి పడి బ్రహ్మాజీ మృతి."

"తర్వాత?"

"అంతే. అయిపోయింది."

"ఇశ్రాయేలు పేరేది? నాకు చదువు రాదుగానీ ఆయన పేరు ఆనవాలు తెలుసు. పాత రాయి మీద ఏడేళ్ళు చేత్తో తడిమా. అది ఇక్కడ లేదు."

"బ్రహ్మాజీది రాయగలను. ఇశ్రాయేలుది రెండో తారీఖు కింద రాయలేను."

"ఎందుకు రాయలేవు? మా పేటోడనా? ఆ పేరు పడితే నీ బల్ల మైలపడిద్దా?"

"ఛ, అది కాదమ్మా."

"మరేంది? ఇద్దరి మీదా పడింది ఒకటే చరియ. ఒకటే రోజు. ఆయనకి రెండు, మా ఆయనకి మూడు ఎట్టా అయిద్ది? క్వారీ పేరు రాసే ధైర్యం వచ్చింది, నా మొగుడి పేరు రాసే ధైర్యం రాలా?"

"ధైర్యం సంగతి కాదు. తారీఖు తప్పు రాయనని చెప్పాగా."

"తప్పా? రెండు తప్పా?"

"పాత రాయి మీద ఉన్నదే చెక్కించు సువార్తమ్మా. మూడే ఉండనియ్. నీకు దణ్ణం పెడతా."

"దణ్ణాలు వద్దు. సంగతి చెప్పు. చెప్పేదాకా కదలను. సలోమి గూడా వస్తంది, అది అడిగిద్ది."

"దానికి చెప్పబాక."

"ఏంది చెప్పబాకేది?"

"బ్రహ్మాజీ అక్కడికక్కడే పోయాడు. ఇశ్రాయేలుకి కాళ్ళ మీద పడింది. మధ్యాహ్నానికల్లా బయటికి తీశాం."

"తీసి?"

"షెడ్డులో పడుకోబెట్టాం. అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడ పుస్తకంలో రెండో తారీఖు ఎక్కిద్ది. పన్నెండు దాటనియ్యండి, దాటాక జీపు పంపిస్తా అన్నాడు ఓనరు. దాటాక జీపు రాలా. మూడో తారీఖు తెల్లారుజామున నాలుగింటికి పోయాడు. తల నా ఒళ్ళోనే ఉంది. సర్టిఫికెట్లో ఉన్నది అబద్ధం కాదమ్మా. నువ్వు కూడిక పెట్టే రోజే ఆయన పోయిన రోజు."

"నేను గేటు కాడే ఉన్నా గదయ్యా. వంద అడుగులు లేదు. మనిషి బతికుంటే మూలుగన్నా వినపడదా నాకు?"

"మూలగడం కాదమ్మా, నీ పేరు పెట్టి పిలుస్తానే ఉన్నాడు. అందుకే కంప్రెసరు ఆపలా."